పూత ఆరేదాకా

పక్కగదిలో ఫ్యాను టక్కు టక్కుమంటోంది. అంటే అత్తగారు ఇంకా నిద్రలోనే ఉన్నారు. లేచీ లేవగానే ఆవిడ చేసే మొదటి పని ఫ్యాను ఆపడం, పాపం ఊరికే తిరుగుతోందని దాని మీద జాలో, కరెంటు మీద ప్రేమో తెలీదు గానీ, అందుకని మధ్యాహ్నం పూట ఆ టక్కుటక్కే కోడలికి గడియారం. చిటికెనవేలి కొసతో చెక్క మీద పూతని ముట్టుకు చూసింది. మీగడరంగు వేలికి అంటుకుంది, ఛ, ఇంకా తడే, ఈ మబ్బు ఇవాళే పట్టాలా, నిన్నంతా మాడు పగిలే ఎండ కాసింది, నిన్నేమో ఈ పని లేదు. ఫ్యాను వేసుకుందామంటే ఈ గదిలో వేసుకోకూడదు, నేలంతా రంపపుపొట్టు, గాలి తగిలితే లేచి తడి రంగు మీద వాలుతుంది, ఆనక పూత గరుకుదేలి దాని మీద కుంచె గెంతుతుంది. అందుకని చెమటలు కక్కుకుంటూ కూర్చుంది. మెడ మీంచి ఒక చుక్క వీపులోకి జారింది, తుడుచుకునే ఓపిక కూడా లేదు, పోనీ, జారనీ. ఆరితే అక్షరాలు రాయాలి, రాస్తే మందుల షాపాయన సాయంత్రం వచ్చి పట్టుకుపోతాడు, అంతే కదా పని, వినేవాళ్ళకి ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆరేలోగా అత్తగారు లేచి వచ్చి, అలవాటుగా, చెక్క మీద చెయ్యేశారంటే, పొద్దున తను వేసిన తీగ బొమ్మ సగంలో తెగిపోయిందనీ, దాని మీద కోడలు రంగు పూసేసిందనీ తెలిసిపోతుంది. ఆవిడకి కళ్ళు కనపడటం లేదన్నది ఈ ఇంట్లో ఎవరూ పైకి అనని సంగతి. అది తనకి తెలుసన్న సంగతి ఆవిడ ఇలా తడిపూతలో వేలు పెట్టి తెలుసుకోవడం కోడలికి ఇష్టం లేదు.

మూరెడు పొడుగు చెక్క, జానెడు వెడల్పు. రాయాల్సింది రెండే వరసలు, తలుపు మెల్లగా వేయండి, పాప పడుకుంది. షాపాయనకి మనవరాలు పుట్టింది, ఇంటికి వచ్చే ప్రతివాడూ తలుపు ధడాలున వేస్తున్నాడట, ముఖ్యంగా మా తమ్ముడు, వాడికి కనపడేంత పెద్ద అక్షరాలు కావాలమ్మా అని మరీ చెప్పి వెళ్ళాడు. పెద్ద అక్షరాలంటే పెద్ద జాగా. మన అక్షరాలు వరసలో బుద్ధిగా కూర్చునే రకం కాదు, ఒకదానికి నెత్తిన గుడి, ఒకదానికి కాళ్ళ కింద వత్తు, ఇంకోటి కొమ్ము చాచుకుని పక్కదాని మీదికి ఒరుగుతుంది, బస్సులో సామాన్లతో ఎక్కిన చుట్టాల్లాగా అందరికీ సర్దిచెప్పి కూర్చోబెట్టాలి. మెల్లగా అన్న మాటలో ల కింద ఇంకో ల వేలాడుతుంది, దాని కింద మళ్ళీ పాప వరస, ఆ రెంటికీ మధ్య గాలి ఆడాలి. జాగా ముందు, పువ్వు తర్వాత, అని నేర్పింది అత్తగారే. ఈ ఇంట్లో పని పంచుకున్నది అలాగే, ఆయన, అత్తగారి కొడుకు, చెక్క కోసి, నున్నగా రుద్ది, తాడు కట్టడానికి పైన రెండు బెజ్జాలు పెట్టి ఇస్తాడు, అత్తగారు పూత పూసి మూలన తీగో పిట్టో వేసి మధ్యలో జాగా వదులుతారు, ఆ జాగాలో కోడలు అక్షరాలు కూర్చోబెడుతుంది. తన కోసం ఒకరు ఇంత జాగా వదిలిపెట్టడం పుట్టింట్లో ఎరగదు. ఆరుగురిలో నాలుగోది, అక్కడ పడుకోవడానికే జాగా లేదు.

వచ్చిన కొత్తలో వంటింట్లో డబ్బాలన్నీ ఒకే రకంగా ఉండేవి, పంచదార అనుకుని టీలో ఉప్పు వేసింది, మామగారు కిమ్మనకుండా తాగేశారు, మహానుభావుడు, అత్తగారు మాత్రం ఒక గుక్క తాగి, ఈ టీ సముద్రం నుంచి తెచ్చావా అమ్మాయ్ అన్నారు. సిగ్గుతో చచ్చిపోయి, ఆ పూటే డబ్బాలన్నిటి మీదా కుంచె పట్టుకుని పేర్లు రాసేసింది. ఆవిడ ఒక్కో డబ్బా వెలుతుర్లోకి తీసుకుని చూశారు, ఉప్పు అన్న రెండక్షరాల్నీ ఎంతసేపు చూశారో, ఈ పిల్ల చేతిలో అక్షరం కూర్చుంటుందిరా అని కొడుకుతో అన్నారు, అప్పటిదాకా ఏ గొంతూ తన గురించి అంత గట్టిగా మంచిమాట చెప్పలేదు. వెలుతుర్లోకి తీసుకుని చూశారు. ఆ కళ్ళే. ఆ కళ్ళతో గోరంత వంకర కూడా పట్టేసేవారు, నీ ప నడుం వంచింది చూడు, దానికేం జబ్బు, చెరిపి మళ్ళీ రాయి. చెరిపి మళ్ళీ రాసేది. చెయ్యి వణికితే ఆవిడ తన ముంజేతిని అడ్డం పెట్టేవారు, ఆనించి రాయి, చెయ్యి కుదురుకుంటుంది. చెయ్యి ఆనించుకోవడానికి పట్టీ కర్ర ఒకటి ఉండేది, కానీ కర్ర వెతికేలోగా ఆవిడ చెయ్యి వచ్చేది. టక్కు టక్కు. పడుకోండి అత్తయ్యా, ఇంకాసేపు పడుకోండి.

ఆవిడ చూపు సంగతి ఎర్రాకులతో బయటపడింది. ఇల్లు దులిపిన రోజున బల్ల మీది రంగుడబ్బాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టింది, గోడ వైపు నుంచి తెలుపు, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, ఎప్పుడూ అదే వరస, ఆ వరసకి అంత అర్థం ఉందని తనకేం తెలుసు, ఎరుపూ ఆకుపచ్చా తారుమారయ్యాయి. ఆ మధ్యాహ్నం టైలరమ్మ ఇంటి బోర్డు మీద ఆకులన్నీ ఎర్రగా, పూలన్నీ పచ్చగా పూశాయి. ఆకులు ఎర్రగా వేశారేంటి అత్తయ్యా అంది నవ్వుతూ. ఆవిడ చెయ్యి డబ్బా మీదికి వెళ్ళి ఆగింది, ఒక్క క్షణమే, ఏం, ఆకు జన్మంతా పచ్చగానే పడి ఉండాలా అన్నారు దబాయింపుగా. టైలరమ్మ ఆ బోర్డు చూసి మురిసి ముక్కలైంది, వాళ్ళ అక్కకి కూడా ఎర్రాకులే కావాలంది, ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి ఎర్రాకుల బోర్డు ఉందా అని అడుగుతూనే ఉంటారు, అడిగినప్పుడల్లా కోడలు మాట మార్చి పిట్టల బోర్డు చూపిస్తుంది. ఎందుకంటే డబ్బా మీద ఆగిన ఆ చెయ్యి తను చూసింది. ఆ తర్వాత చూడకూడదనుకున్నా అన్నీ కనపడ్డాయి, బొమ్మ మొదలుపెట్టేముందు ఆవిడ వేలితో రెండు బెజ్జాలూ తడిమి ఏది పైవైపో చూసుకోవడం, టీ గ్లాసు అంచున గోరు పెట్టి పోసుకోవడం, పడగ్గది నుంచి ఇక్కడిదాకా గోడ మీద నడుమెత్తున చెయ్యి రాసుకుని నున్నబడిన గీత. ఆ గీత మీద సున్నం వేద్దామన్నాడు ఆయన. వద్దంది.

ఇక తీగలు దారి తప్పడం మొదలైంది. మూలన బుద్ధిగా ఉండాల్సిన కొమ్మ మధ్యకి పాకుతుంది, పిట్ట ఎగిరి సరిగ్గా అక్షరం కూర్చోవాల్సిన చోట వాలుతుంది. మొదట్లో అక్షరాలు సన్నం చేసుకుంది, ఇరికించింది, పిట్ట తోక కిందుగా దీర్ఘం తిప్పింది, ఒకసారి పువ్వునే సున్నా చేసేసింది, కొన్నవాళ్ళు ఎంత తెలివి అన్నారు. ఇరికించీ ఇరికించీ ఇక కుదరక చెరపడం మొదలుపెట్టింది, అత్తగారు పడుకున్నాక కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పూత పూసి, ఆరేదాకా కూర్చుని, ఆరాక తెగిన తీగ కొసని ఆవిడ వేసినట్టే మూలకి తిప్పి, అప్పుడు అక్షరాలు. అంటే ఒక బోర్డుకి రెండు బోర్డుల చాకిరీ. పొద్దున్నే నీళ్ళు, వంట, బట్టలు, మధ్యాహ్నం దొంగపూత, సాయంత్రం అక్షరాలు, రాత్రి కళ్ళు మూసుకుంటే తీగలు. తల ప్రాణం తోకకొస్తోంది. ఆవిడ ఈ మధ్య ఫ్రిజ్జు తలుపులో ఒక చిన్న సీసా పెట్టుకుంటున్నారు, ఏంటవి అంటే చెవి పోటుకి చుక్కలమ్మాయ్ అన్నారు, కళ్ళు పోతుంటే చెవికి మందేసుకుంటున్నారే అని ఆ రోజు కోడలికి ఎంత కోపం వచ్చిందో, ఏడుపు కూడా వచ్చింది, కానీ అప్పుడు పొయ్యి మీద పాలు పొంగాయి.

కోపం వస్తుంది, అవును, ఎందుకు రాదు. ఈ చెక్క ముందు కూర్చుంటే ఒక్కోసారి ఆవిడ మీద అరిచేయాలనిపిస్తుంది, మీకు కనపడటం లేదు, ఆపండి, నన్ను పడుకోనివ్వండి. ఆ మాటలు గొంతుదాకా వచ్చి, ఆవిడ పొద్దున స్నానం చేసి, తల ముడి బిగించుకుని, బల్ల ముందు కూర్చుని, ఇవాళేం వెయ్యను అమ్మాయ్, తీగా పిట్టా అని అడిగే గొంతు వినగానే, మళ్ళీ కిందికి దిగిపోతాయి. మామగారు పోయినప్పుడు ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు, పిట్టలు వేశారు, వరసగా అన్నీ పిట్టలే, ఎగిరేవి ఒక్కటీ లేదు, అన్నీ కూర్చున్నవే, ఆ పిట్టలు అయ్యాక లేచి అన్నం తిన్నారు. ఆ కుంచె లాక్కుంటే ఇంకేం మిగులుతుంది ఆవిడకి, కిటికీ దగ్గర కుర్చీ, రేడియో, ఎవరొచ్చారు అని అడగడం. చెప్పి ఆవిడ చేతులు ఖాళీ చెయ్యాలా, చెప్పకుండా తన నడుం విరగ్గొట్టుకోవాలా. ఇంకోటి కూడా ఉంది, అసలైన భయం అదే, ఇన్నాళ్ళూ నోరు మూసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకుండా ఆ కాస్త చూపునీ తనే పోగొడుతోందేమో. ఆయనకి చెబితే నీళ్ళు నమిలాడు. నువ్వే మెల్లిగా చెప్పు, నేను చెబితే నా మొహం చూసి ఏడుస్తుంది అన్నాడు. కనపడని మనిషి నీ మొహం ఎలా చూస్తుంది అంది తను. ఇద్దరూ నవ్వారు, నవ్విన తర్వాత ఆయన చాలాసేపు చిత్రికపట్టిన చెక్కనే మళ్ళీ పట్టాడు. ఇవాళ కలప అడితికి వెళ్ళాడు, చీకటి పడితే గానీ రాడు, రాగానే ఆకలి అంటాడు.

ఇవాళ చెప్పెయ్యాలి. అత్తయ్యా, ఊరికే ఒకసారి కళ్ళు చూపించుకుందామా, నాక్కూడా అద్దాలు పడతాయేమో, ఇద్దరం వెళ్దాం. ఇది బాగానే ఉంది. అత్తయ్యా, కొన్నాళ్ళు మీరు పూతలు పూయండి, తీగలు నాకు నేర్పండి. ఇది ఇంకా బాగుంది, కానీ ఆవిడ గట్టి మనిషి, ఎందుకమ్మాయ్, నా తీగకేం జబ్బు అంటారు, అప్పుడేం చెప్పాలి. కళ్ళు మూతలు పడుతున్నాయి. పూతని మళ్ళీ ముట్టుకుంది. ఇప్పుడు అంటలేదు గానీ జిగురుగా వేలిని పట్టుకుంది, వదలనన్నట్టు. ఇప్పుడు రాస్తే అక్షరం పాకుతుంది. చెక్క మీదికి అక్షరాలు దించడానికి వెనక సుద్ద పూసిన కాగితం పక్కనే ఉంది, దాని మీద పెన్సిలుతో రెండు వరసలూ సిద్ధం, పాప పడుకుంది, ఎంత అదృష్టం ఆ పాపది, అది పడుకుంటే ఒక చెక్క, దాని మీద రంగు, రంగు మీద అక్షరాలు, ఊరంతా మెల్లగా నడవాలి. ఎవరైనా ఇప్పుడు వచ్చి ఏం కావాలమ్మా కోరుకో అంటే చీరా అనదు, నగా అనదు, నిద్ర అంటుంది, ఒక్క మధ్యాహ్నం నిద్ర, ఎవరూ లేపకుండా, టక్కు టక్కు, మ పక్కన ల, ల కింద ల, అది జారి పాప మీద పడకుండా ఎవరైనా పట్టుకోండి, టక్కు,

ఆగిపోయింది. ఉలిక్కిపడి తలెత్తింది. ఫ్యానే కాదు, వంటింట్లో ఫ్రిజ్జు గురగుర కూడా లేదు, కరెంటు పోయింది. ఇక ఉక్కకి ఆవిడ ఎంతసేపు పడుకుంటారు. మంచం కిర్రుమంది, పాదాలు నేల మీద ఆనిన చప్పుడు, గోడ మీద అరచెయ్యి రాసుకుంటూ వస్తున్న చప్పుడు.

"కరెంటు పోయిందా అమ్మాయ్?"

"పోయింది అత్తయ్యా. వచ్చేస్తుంది, పడుకోండి."

"చాల్లే పడుకున్నది."

చెక్కని ఎత్తి పెట్టెయ్యచ్చు. రెండు అంచులూ పట్టుకుని లేపి, గోడవారన నిలబెట్టి, పైన పాతగుడ్డ కప్పితే సరిపోతుంది, ఎన్నిసార్లు చెయ్యలేదు, రెప్పపాటు పని. చేతులు లేవలేదు. ధైర్యం వచ్చి కాదు, నిజం చెప్పాలన్న పౌరుషం వచ్చీ కాదు. దాచే ఓపిక లేదు, అంతే. ఒళ్ళో చేతులు పెట్టుకుని చూస్తూ కూర్చుంది, అత్తగారు గుమ్మం దాటడం, కాలితో పీట వెతుక్కుని కూర్చోవడం, చెయ్యి చాచి ముందు రెండు బెజ్జాలూ తడుముకోవడం, అక్కణ్ణించి వేలు నిదానంగా మూలకి, తను పొద్దున వేసిన తీగ మొదలు దగ్గరికి, దాన్ని పట్టుకుని మధ్యకి నడవడం. తీగ తెగిపోయిన చోట వేలు ఆగింది. ఆవిడ బొటనవేలితో చూపుడువేలిని రుద్దుకున్నారు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇంకా ఆరలేదు. నూనె ఎక్కువ కలిపావు."

కోడలు తన చిటికెనవేలికి అంటిన రంగు చూసుకుంది.

"ఎంతదాకా పాకింది?"

"ఏంటి అత్తయ్యా?"

"నా తీగ."

"సగం దాకా," అంది కోడలు.

"మొన్నటిది?"

"అదేం లేదు, కొంచెమే."

"అబద్ధం. మొన్నటి దాంట్లో నీ పూత నాలుగువేళ్ళ మేర ఉంది. నా పూత ఒకటే వరస. నువ్వు చెరిపిన చోట రెండు. వేలికి మెట్టులా తగుల్తుంది అమ్మాయ్, నాకు తెలీదనుకున్నావా?"

ఎప్పట్నుంచి తెలుసో అడక్కుండానే ఆవిడే చెప్పారు. ఎర్రాకుల తర్వాత చెల్లెలింటికి వెళ్ళినప్పుడు కళ్ళు చూపించుకున్నారట. కంటి వెనక నరం ఎండిపోతోందట, పోయింది రాదు, ఉన్నది నిలబడితే అదే పదివేలని డాక్టరు చుక్కలిచ్చాడట. చెవి చుక్కలు కదా అవి, అంది కోడలు, తనకే తెలివితక్కువగా వినపడింది ఆ మాట. చెవి మీదికి తోసేశాను అమ్మాయ్, పాపం అదేమీ అనదు కదా, అన్నారు అత్తగారు. నవ్వలేదు కోడలు. ఇన్ని మధ్యాహ్నాలు, ఇంత దొంగతనం, ఇంత చెమట, అవతల ఆవిడకి అంతా తెలిసే. గుండెల్లోంచి కోపం తన్నుకొచ్చింది, ఈసారి గొంతు దగ్గర ఆగలేదు.

"తెలిసీ ఎందుకు వేస్తున్నారు మరి? రోజూ ఎందుకు కూర్చుంటున్నారు బల్ల ముందు?"

అత్తగారు చెంగుతో వేలు తుడుచుకున్నారు. "నేను మానేస్తే అవన్నీ కూడా నీ నెత్తినే పడతాయి కదా. అసలే ఒక్కదానివి. పొద్దుట్నుంచి ఒక్క క్షణం కూర్చోవు, నీ అడుగులు నాకు వినపడతాయి. కాళ్ళు ఈడుస్తున్నావు ఈ మధ్య. పూర్తిగా కాకపోయినా, సగమైనా తేలికవుతుంది నీకని."

కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ తన వైపు కాస్త పక్కగా, గోడకేసి చూస్తున్నారు.

"మీ తీగ చెరపడానికే నాకు రోజూ ఈ మధ్యాహ్నమంతా పడుతోంది అత్తయ్యా."

అనేసింది. ఇన్నాళ్ళూ తిప్పి తిప్పి తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటీ కాదు, అన్నిటికంటే మొరటుది వచ్చింది. అత్తగారి చేతులు ఒళ్ళో పడ్డాయి. మొహం చిన్నబోయింది, దాచుకోలేదు ఆవిడ, దాచుకోవాలని తోచలేదేమో. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"అయ్యో," అన్నారు చివరికి, చాలా చిన్నగా. మళ్ళీ, "చెప్పేడవచ్చు కదే!" అన్నారు గట్టిగా.

ఎప్పుడూ అమ్మాయ్ తప్ప ఇంకో పిలుపు లేని నోట ఆ 'కదే' వినగానే కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, ఎవరికి కనపడాలి గనక, అనుకుంది, అనుకున్నందుకు సిగ్గేసింది. కానీ అత్తగారు చెయ్యి చాచి వెతుక్కుని తన చెంప మీద పెట్టారు, తడి తగిలి, ఇది కూడా ఆరలేదు, అని గొణుక్కున్నారు.

"లే. వెళ్ళి నా మంచం మీద పడుకో."

"షాపాయన వస్తాడు అత్తయ్యా. అక్షరాలు..."

"వస్తే రేపు రమ్మంటా. పాప రేపు కూడా పడుకుంటుందిలే." పీటని చెక్క దగ్గరికి జరుపుకున్నారు. "ఇది ఆరడానికి ఇంకో గంట పడుతుంది. ఆరిందో లేదో చూడ్డానికి కళ్ళక్కర్లేదు. నేను కూర్చుంటా. తీగలు వెయ్యనులే, భయపడకు. పూతలు నావి, కాపలా నాది."

కోడలు లేచి పక్కగదిలోకి వెళ్ళింది. మంచం ఇంకా వెచ్చగా ఉంది, దిండుకి ఆవిడ తలనూనె వాసన. కాళ్ళు చాపుకుంది, నడుం ఒక్కో ఎముకా మంచానికి ఆనుతుంటే నొప్పి హాయిగా ఉంది. రేపు తీగ వెయ్యడం నేర్చుకోవాలి, ఆవిడ చెబుతుంటే, ఆవిడ చెయ్యి పట్టుకుని కాదు, ఆవిడే తన చెయ్యి పట్టుకుని, డబ్బాల వరస మార్చకూడదు, గోడ వైపు నుంచి తెలుపు, పసుపు, ఎరుపు, ఇక ఎర్రాకులు అడిగినవాళ్ళకి ఎర్రాకులే వేసిద్దాం, ల కింద ల, జారితే జారనీ, కింద ఎవరో పట్టుకుంటారు. కరెంటు వచ్చినట్టుంది. టక్కు టక్కు. ఎవరూ ఆపలేదు దాన్ని. తర్వాత ఎప్పుడో, చాలా దూరంగా, వీధి తలుపు ధడాలుమంది, ఆయన చెప్పుల చప్పుడు, ఆకలి అన్న మాట సగం వినపడి తెగిపోయింది, తెగ్గొట్టింది అత్తగారి గొంతే.

"తలుపు మెల్లగా వెయ్యరా. పిల్ల పడుకుంది."